పెద్దసారు ‘అండి’ అన్న రోజు

మా పెద్దసారు నోటివెంట, వేళాకోళానికి కాకుండా, ‘అండి’ అనే మాట నా ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్క రోజే విన్నాను. ఆ రోజు ఆయన చావుదాకా వెళ్ళొచ్చాడు. విమానం నడపడం నేర్చుకోవాలని వచ్చే పిల్లలు ఎండదెబ్బ గురించి అడిగితే నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. డాక్టర్లు చెప్పే లక్షణాలు ఆ తర్వాత.

రిటైరయ్యాక నేను ప్రగతి నగర్‌లో ఉంటున్నాను. వారంలో కొన్ని సాయంత్రాలు కొండాపూర్ వెళ్ళి, ఒక భవనం మూడో అంతస్తులో సిమ్యులేటర్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతుంటాను. ఆ గదిలో ఏసీ ఎంత గట్టిదంటే కొందరు స్వెట్టర్ వేసుకుని మరీ విమానం నడుపుతారు. ఇంజన్ ఆగిపోవడం, ఎదురుగాలి, పొగమంచు అన్నీ ఆ యంత్రం చూపిస్తుంది. ఎండను మాత్రం చూపించలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను పనిచేసింది ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో. పాఠాలు కొండాపూర్‌లో, ఎగరడం ఊరికి పడమట దూరంగా పొలాల మధ్య ఉన్న రన్‌వే మీద. మా విద్యార్థుల్లో ఎక్కువమంది హైటెక్ సిటీ ఆఫీసుల వాళ్ళే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం తెల్లవారేసరికి కళ్ళు నులుముకుంటూ వచ్చేవారు. మా పెద్దసారు వాళ్ళకు ‘శనాదివారం పిట్టలు’ అని పేరు పెట్టాడు.

పెద్దసారంటే మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. నాకంటే వయసులోనూ అనుభవంలోనూ చాలా పెద్ద. పుట్టింది గోపన్‌పల్లిలో, అది ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో. వాళ్ళ నాన్న జొన్న వేసిన చేను ఇప్పుడు అపార్టుమెంట్ల కింద ఉంది. ఆయనకు జీవితంలో తెలిసిన సర్వనామం ఒక్కటే, ‘నువ్వు’. క్లబ్బు యజమానినైనా నువ్వే, టీ పోసేవాణ్ణయినా నువ్వే. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారిని, “జర ఆగవయ్యా, కుక్క అడ్డమొస్తున్నది, కనవడ్తలేదా?” అని చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ అధికారి కోప్పడాలో నవ్వాలో తెలియక కుక్క దాటేదాకా బుద్ధిగా నిలబడ్డాడు.

నేనేమో గోదావరి జిల్లా వాణ్ణి. ‘అండి’ తగలకపోతే నాకు వాక్యం పూర్తయినట్టే ఉండదు. చేరిన మొదటి రోజే పెద్దసారు నా మాట విని కడుపుబ్బ నవ్వాడు. “గాలిని గూడ రండి, పోండి అంటవేమయ్యా నువ్వు?” అన్నాడు. ఆ రోజుతో నా అసలు పేరు పోయింది. “ఓ అండిగారూ, చాయ్ తాగుదాం రా” అని రన్‌వే ఆ చివర నుంచి కేకేసేవాడు. ఏళ్ళు గడిచినా నేను ఆయన్ను ‘సార్, మీరు’ అనే అన్నాను, ఆయన నన్ను ‘నువ్వు’ అనే అన్నాడు. మా స్నేహానికి అదేమీ అడ్డం రాలేదు.

ఆయన తిట్లంటే విద్యార్థులకు భయం కంటే ముచ్చట ఎక్కువ. ఎగిరి దిగాక టీ దగ్గర చేరి, ఆ వారం ఎవరికి కొత్త తిట్టు పడిందో చెప్పుకుని మురిసిపోయేవారు. తిట్టు పడనివాడు బెంగపడేవాడు, సారు తనను లెక్కలోకి తీసుకోవడం లేదేమోనని.

ఒక్క విషయంలో మాత్రం ఆయన దగ్గర వేళాకోళం చెల్లదు. శిక్షణ విమానంలో రెండు సీట్లకూ విమానాన్ని తిప్పే స్టిక్ ఉంటుంది. ఎవరు నడుపుతున్నారో ఇద్దరికీ ఎప్పుడూ స్పష్టంగా తెలియాలి. దానికి ప్రపంచమంతటా ఇంగ్లీషు మాటలున్నాయి. పెద్దసారు మాత్రం తెలుగులో చెప్పించేవాడు. “ఇచ్చిన”, అంటే నీకిచ్చానని, ఆయన అనాలి. “తీసుకున్న” అని విద్యార్థి అనాలి. అప్పుడే ఆయన చెయ్యి తీస్తాడు. “నేను ‘ఇచ్చిన’ అననిది నీ చెయ్యి దాని మీద వడ్డదో, కిందికి దిగినంక చూస్త నీ సంగతి” అనేవాడు. గాల్లో ఒక స్టిక్ కోసం ఇద్దరు గుంజుకుంటే ఏమవుతుందో ఆయన ఎక్కడో కళ్ళారా చూశాడట. ఆ కథ మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

మరో అలవాటుండేది, అది మంచిది కాదు. ఎగిరే ముందు నీళ్ళు తాగేవాడు కాదు. చిన్న విమానంలో బాత్రూం ఉండదు కదా. “తాగితే గాల్లకెల్లి యాడికి పోవాలె?” అనేవాడు. మా వృత్తిలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. చలికాలంలో ఇది చెల్లిపోతుంది.

ఇక ఆ రోజు ఆయనతో ఎగిరిన అమ్మాయి సంగతి. అనంతపురం పిల్ల. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని, గోపన్‌పల్లిలో హాస్టల్. ఆ హాస్టల్ ఎక్కడో పెద్దసారు గుచ్చి గుచ్చి అడిగి, చివరికి అది తమ చేనేనని తేల్చాడు. “మా జొన్నల నడుమ పండుకుంటున్నవ్ పిల్లా నువ్వు” అని ఏడిపించేవాడు. ఆమె విమానాన్ని బాగానే దించేది, కానీ ఎప్పుడూ పక్కన పెద్దసారు ఉండగానే. ఒంటరిగా ఇంకా ఎగరలేదు.

అది నడి వేసవి, శనివారం. తెల్లవారగానే ఎగరాల్సిన అమ్మాయి. ఒక విమానం టైరు దిగిపోయింది. రెండోది వేరేవాళ్ళు తీసుకెళ్ళి ఆలస్యంగా తెచ్చారు. ఆమె వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. రన్‌వే మీద గాలి నీళ్ళలా కదులుతోంది.

“సార్, రేపు పొద్దున్నే పెట్టుకుందామండి” అన్నాను.

“పొద్దుగాల్నుంచి కూసున్నదయ్యా ఆ పిల్ల. వారమంత దీనికోసమే చూస్తది. ఇప్పుడు ఇంటికి వొమ్మంటె మనసెట్లొస్తది నీకు? నువ్వు ఫికర్ జెయ్యకు, గిట్ల పోయి గట్లొస్తం.”

మా విమానానికి ఏసీ లేదు. చుట్టూ అద్దాలు. ఎండలో నిలబెట్టిన కారులో కిటికీలు ఎత్తేసి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది నిజమే, కానీ ఎండ రోజు గాలి పలచబడి ఇంజన్ బలం తగ్గుతుంది, విమానం ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ లోపల ఉడికిపోవాల్సిందే. పెద్దసారు అప్పుడు కూడా నిండు చేతుల చొక్కా, టై. “డ్రస్సు లేకుంటె డ్రైవరనుకుంటరు” అని ఆయన వాదన.

ఆ రోజు రేడియో డ్యూటీ నాది. రేకుల గదిలో కూలర్ ముందు నేను, నా పక్కన మా మెకానిక్. మా క్లబ్బు ఛానల్‌లో మాలో మేం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. కాసేపు అంతా మామూలే. మధ్యమధ్య బటన్ నొక్కి ఉన్నప్పుడు పెద్దసారు తిట్లు వినపడుతున్నాయి. “ముక్కు దించు, ముక్కు! ఆకాశంల చుక్కలు లెక్కవెడ్తవా పగటిపూట?” మెకానిక్, నేను నవ్వుకున్నాం.

తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. అడుగుదామని మైకు అందుకున్నాను.

“సార్, ఎక్కడున్నారండి?”

కాసేపటికి జవాబొచ్చింది. గొంతు ఆయనదే. చాలా మెత్తగా, నింపాదిగా ఉంది.

“ఈడనే ఉన్నమండి. మంచిగుందండి.”

మెకానిక్ పగలబడి నవ్వాడు. “పెద్దసారు నిన్ను ఎక్కిరిస్తున్నడు సార్!” అన్నాడు. నేనూ నవ్వబోయాను. కానీ ఆయన వెక్కిరింపు నాకు కొత్తా? నన్ను అనుకరించేటప్పుడు ‘అండీ’ అని సాగదీసి, చివర్లో తానే ముందు నవ్వేవాడు. ఈ మాటలో నవ్వు లేదు. ఎవరో కొత్త మనిషితో మాట్లాడుతున్నంత మర్యాద ఉంది.

“సార్, నేనెవరో చెప్పండి” అన్నాను.

“మీరా? మీరు మంచోళ్ళండి” అన్నాడు.

మెకానిక్ నవ్వు ఆపేశాడు.

అమ్మాయిని పిలిచాను. బటన్ నొక్కి మాట్లాడమన్నాను. “సార్, పెద్దసారు ఎట్లనో ఉండారు సార్. ఇంతసేపూ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. అమ్మా, మీరు బాగా నడుపుతా ఉండారండి అని చెప్పి స్టిక్ తీసేసుకున్నారు. మొకం ఎర్రగా ఉండాది, చెమట కూడా పట్టడం లేదు. ఊరి వైపు తిప్పేసినారు సార్.”

ఊరి వైపు. మా చిన్న విమానాలు అటు పోకూడదు. పెద్ద విమానాల దారి ఉంది, కింద లక్షల మంది ఉన్నారు.

“సార్, ఎక్కడికి పోతున్నారండి?” అని అడిగాను.

“ఇంటికండి. మా చేన్ల దిగి నీళ్ళు తాగొస్తమండి. పిల్లకు గూడ దూపయితున్నదండి.”

ఆయన చేను. గోపన్‌పల్లిలో ఆ చేను ఎక్కడుంది? ఆయన కళ్ళకు మాత్రం అక్కడ జొన్న ఊగుతోంది. నిండు అపార్టుమెంట్ల మధ్య విమానం దించడానికి బయల్దేరాడు, అదీ పిల్లకు దాహమేస్తోందన్న జాలితో.

నగరం వైపు విమానాల దారి చూసే కంట్రోల్ వాళ్ళకు, అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని మెకానిక్‌కు చెప్పాను. అమ్మాయితో, “నువ్వు తీసుకోగలవా అమ్మా?” అన్నాను.

“నేను పట్టుకుంటే ఆయన ఇంకా గట్టిగా పట్టుకుంటా ఉండారు సార్. ఇచ్చిన అనలేదు కదా సార్.”

ఆ పిల్లను తప్పుపట్టడానికేం లేదు. ఆయన నేర్పింది ఆయనకే అడ్డమై కూర్చుంది. పైగా ఆమె గుంజుకుంటే ఆ గుంజులాటలోనే విమానం పడిపోవచ్చు. ఆయన తనంతట తాను ఇవ్వాలి.

నేను బతిమాలాను. “సార్, దయచేసి పాపకు ఇచ్చేయండి సార్.”

“పర్లేదండి.”

“సార్, మీకు ఒంట్లో బాగాలేదండి. నా మాట వినండి.”

“మీరు పరేషాన్ గాకుండ్రి. మంచిగుందండి.”

నేను మర్యాదగా అడిగినకొద్దీ ఆయన మర్యాదగా కాదంటున్నాడు. ఇలా అయితే కాసేపట్లో వాళ్ళు గోపన్‌పల్లి మీద ఉంటారు. ఆయనకు తెలిసిన భాష ఇది కాదని అప్పుడు తట్టింది. ఆయన తండ్రి చేలో నిలబడి కేకేసిన భాష వేరు. నాకది రాదు. కానీ ఇన్నేళ్ళుగా చెవుల నిండా విన్నాను.

మైకు నోటి దగ్గరికి లాక్కుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

“ఏయ్! ఏందిరా గది? యాడికి పోతున్నవ్‌రా? చెవులు వనిజేస్తలెవ్వా? పిల్లకియ్యి! ఇచ్చిన అను! అంటవా లేదా?”

మెకానిక్ చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. నా జీవితంలో నాకంటే పెద్దవాణ్ణి ‘రా’ అన్నది అదే మొదలు, అదే చివర. రేడియోలో గరగర శబ్దం తప్ప ఏమీ లేదు.

“ఇచ్చిన” అన్నాడు పెద్దసారు. తిట్టు తిన్న పిల్లవాడి గొంతుతో.

“తీసుకున్నా సార్!” అంది ఆ అమ్మాయి. ఆ ఒక్క మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మొదట విమానాన్ని వెనక్కి తిప్పమన్నాను. ఆయన సీటు వెనక్కి జరిపి, బెల్టు బిగించమన్నాను, స్పృహ తప్పి స్టిక్ మీద పడకుండా. గాలి కిటికీ తెరిచి, తన సీసాలో నీళ్ళు ఆయన మెడ మీద, తల మీద పొయ్యమన్నాను. ఆమె చెయ్యగలిగినంత చేసింది. “కళ్ళు మూసుకున్నారు సార్” అంది. ఊపిరి ఆడుతోందా అని అడిగాను. ఆడుతోందంది. ఇక అటు చూడకు, ముందుకు చూడు అన్నాను.

రన్‌వే దగ్గరికి వచ్చేసరికి బయటికొచ్చి నిలబడ్డాను, చేతిలో చిన్న రేడియోతో. కాలిన నేల మీద నుంచి లేచే వేడి విమానాన్ని పైకి తోస్తుంది, దిగనివ్వదు. చూస్తుండగానే సగం రన్‌వే ఆమె కిందినుంచి జారిపోయింది. విమానం ఇంకా గాల్లోనే తేలుతోంది.

దించెయ్యమనాలని నోటిదాకా వచ్చింది. లోపల ఆయన ఉడికిపోతున్నాడు, ఒక్కో నిమిషం ఆయన ప్రాణంలోంచి పోతోంది. కానీ మిగిలిన రన్‌వే చాలదు. చివరన కంచె, కంచె అవతల కందకం.

“దించకు. పైకి పో. మళ్ళీ రా” అన్నాను.

“సార్, పెద్దసారు...”

“నాకు తెలుసు. మళ్ళీ రా తల్లీ.”

వేడికి విమానం లేవలేక లేవలేక లేచింది. కంచె మీదుగా, మర్రిపాలు పూసినట్టు తెల్లగా మెరిసే ఆకాశంలోకి అది నెమ్మదిగా ఎక్కుతుంటే, మెకానిక్ నా భుజం పట్టుకుని, “సార్, ఎక్కుతదా?” అన్నాడు. తప్పు నిర్ణయం చేశానేమోనన్న భయం అంత గట్టిగా నన్నెప్పుడూ పట్టుకోలేదు. ఆమె చుట్టు తిరిగి వచ్చేదాకా ఆ విమానం మీంచి చూపు తిప్పలేదు.

రెండోసారి కిందుగా వచ్చింది. తొందరగా పవర్ తగ్గించమన్నాను. చక్రాలు నేలను తాకి, ఒకసారి ఎగిరి, మళ్ళీ తాకి నిలిచాయి. ఆగింది. మేం పరుగెత్తాం.

పెద్దసారును కిందికి దించి, హ్యాంగర్ షెడ్డు నీడలో పడుకోబెట్టి, టై కోసేసి, చొక్కా విప్పి, విమానాలు కడిగే పైపుతో తడిపాం. అందరూ అట్టముక్కలతో విసిరారు. టీ కొట్టు నుంచి ఐసు తెచ్చి చంకల్లో పెట్టాం. అంబులెన్సు వచ్చేదాకా చల్లబరచడం ఆపలేదు. ఎండదెబ్బలో మొదటి వైద్యం నీళ్ళే, పిల్లలూ. దవాఖానకు తీసుకెళ్ళడం ఆ తర్వాత.

ఆ హడావిడిలో అమ్మాయిని మరిచిపోయాం. తిరిగి చూస్తే ఆమె ఇంకా విమానంలోనే ఉంది. ఇంజన్ ఆపేసింది, రెండు చేతులూ స్టిక్ మీదే ఉన్నాయి. దగ్గరికెళ్ళాను.

“దిగమ్మా.”

“ఎవరికియ్యాల సార్ ఇది?” అంది. మొహంలో రక్తం లేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి.

“నాకియ్యి. తీసుకున్నాను” అన్నాను. అప్పుడు వదిలింది. వదిలి, నా భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో పెద్దసారు కళ్ళు తెరిచాడు. నేను మంచం పక్కన నిలబడి ఆయన మొదటి మాట కోసం చూస్తున్నాను. పక్కన వాళ్ళావిడ. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “ఏందయ్యా గట్ల నిలవడ్డవ్ కొయ్యలెక్క? కూసో” అన్నాడు. నేను కూర్చోలేదు. బయటికి పోయి వరండాలో గోడకానుకుని, ఎవరు చూస్తే ఏమనుకుంటారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

ఆయన కోలుకున్నాడు. క్లబ్బులో నియమాలు మారాయి. వేసవిలో పొద్దెక్కితే ఎగరడం బంద్. టైలు పోయాయి. నీళ్ళు తాగనివాణ్ణి విమానం ఎక్కనివ్వడం లేదు. పక్కవాడు మామూలుగా లేడనిపిస్తే, పెద్దా చిన్నా చూడకుండా, ‘ఇచ్చిన’ అనేదాకా ఆగకుండా నోరు తెరిచి చెప్పాలని కూడా నేర్పుతున్నాం. నేను ‘రా’ అన్న సంగతి మెకానిక్ ఊరంతా చాటాడు. పెద్దసారు అది విని, “ఇంకోసారను, వింట” అని నన్ను వారాల తరబడి పీడించాడు. నా నోరు పెగల్లేదు.

డాక్టర్లు కొంతకాలం ఆగి, పరీక్షలన్నీ అయ్యాక మళ్ళీ ఎగరొచ్చన్నారు. పరీక్షలన్నీ అయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ వార్త తెలిసి అనంతపురం అమ్మాయి స్వీట్లు పట్టుకుని ఆయన ఇంటికొచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. తన మొదటి ఒంటరి ప్రయాణానికి పెద్దసారే చేయి పట్టి సాగనంపాలని ఆమె కోరిక. దానికి ముందు ఆయనతో ఇంకొన్నాళ్ళు ఎగరాలి.

“అండిగారితోని పో. నేనిగ ఎక్క” అన్నాడు.

“ఎందుకు సార్? డాక్టర్లు బాగుండాదని చెప్పినారు కదా. ఆ పొద్దు జరిగింది మీకు గుర్తు కూడా లేదంటిరి.”

“శాన యాదికి లేదు. ఒక్కటి యాదికున్నది.” ఆయన కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. “పానం పోతున్నదని నాకు ఎరుకనే లేదు పిల్లా. నొప్పి లేదు, భయం లేదు. నా జిందగీల గంత హాయిగ నేనెన్నడు లేను. నిన్ను పక్కన కూసోవెట్టుకుని చావుకు తోల్కపోతున్న, నాకు హాయిగున్నది.”

అమ్మాయి ఒళ్ళో ఉన్న స్వీట్ల పెట్టె తీసి పక్కన పెట్టింది. పెద్దసారు ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“ఇగ నన్ను నేను నమ్మ” అన్నాడు. “నిన్ను నమ్ముత. నువ్వు పో.”